కార్ట్రిడ్జ్ ప్రింటర్ నుంచి ఇంక్ ట్యాంక్ దాకా: ఆరు నెలల నా అనుభవం

జూన్ 14, 2025, శనివారం రాత్రి. ఎండాకాలం సెలవులు అయిపోయి బడులు తెరిచి రెండు రోజులే అయింది. మర్నాడు పొద్దున ట్యూషన్ పిల్లలకి భిన్నాల మీద పరీక్ష పెట్టాలి. పదకొండు మంది, ఒక్కొక్కరికి రెండేసి పేజీలు. ప్రశ్నలన్నీ రాసుకుని ఎనిమిదిన్నరకి ప్రింట్ కొడితే తెల్ల కాగితం బయటికి వచ్చింది. రెండోసారి కొడితే అక్కడక్కడ సన్నటి గీతలు. కంప్యూటర్‌లోంచి హెడ్ క్లీనింగ్, అంటే కాగితం మీద ఇంక్ చల్లే భాగాన్ని శుభ్రం చేయించడం, మూడుసార్లు చేశాను. మూడోసారి తర్వాత అక్షరాలు సగం సగం కనిపించాయి, వెంటనే ఇంక్ అయిపోవస్తోందని మెసేజ్ వచ్చింది.

ఆ నల్ల కార్ట్రిడ్జ్, అంటే ప్రింటర్‌లో పెట్టే ఇంక్ డబ్బా, ఏప్రిల్ మూడో వారంలో 860 రూపాయలు పెట్టి కొన్నది. దానితో ముప్పై పేజీలు కూడా తీయలేదు. సెలవులకి జమ్మికుంట వెళ్ళి, తిరిగి వచ్చేసరికి యాభై రోజులు. మూసిన గదిలో మల్కాజిగిరి ఎండకి ఇంక్ ఎండిపోయింది. ఎండగా మిగిలిన కాస్తా క్లీనింగ్‌కే పోయింది.

సందు చివర జిరాక్స్ షాపు తొమ్మిదింటికి మూసేస్తారు. పెన్ డ్రైవ్ పట్టుకుని పరుగెత్తాను. షట్టర్ సగం దించేసి ఉంది. బతిమాలితే తీసి ఇచ్చాడు, 22 పేజీలు, పేజీకి 5 రూపాయల చొప్పున 110. ఇంటికి వస్తూ దారిలో కోపం కంటే ఏడుపు ఎక్కువ వచ్చింది. ఇలా జరగడం మూడో ఏడు. ప్రతి జూన్‌లోనూ ఇదే పరిస్థితి.

ఆ తర్వాత బుధవారం, అంటే 18న, ప్రింటర్‌ని సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను. కంపెనీ పేరు చెప్పను, అదొక్కటే అలాంటిది అని నేను అనుకోవడం లేదు. రెండు రోజుల్లో ఫోన్ చేస్తామన్నారు. తొమ్మిది రోజులకి, నేనే మూడుసార్లు ఫోన్ చేశాక, 27న చెప్పారు: రెండు కార్ట్రిడ్జ్‌లూ ఎండిపోయాయి, కాగితం లాగే రోలర్ కూడా అరిగింది, మొత్తం 2,900 అవుతుంది. 2022లో ఆ ప్రింటర్ కొన్నదే 4,299కి. వద్దని తెచ్చేసుకున్నాను. చూసినందుకు మాత్రం 350, దాని మీద జీఎస్టీ కలిపి 413 రూపాయలు కట్టాల్సి వచ్చింది. ఈ చూసే చార్జీ సంగతి ప్రింటర్ ఇచ్చే ముందే అడగాలని నాకు తట్టలేదు.

ఆ రాత్రి జమాఖర్చుల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. పాలు, కూరగాయలు, ఫీజులు, అన్నీ నేను రాసిపెట్టుకుంటాను. కార్ట్రిడ్జ్‌లు ఎప్పుడెప్పుడు కొన్నానో వెతికితే మూడేళ్ళలో నల్లవి తొమ్మిది, రంగువి ఐదు. కలిపితే 12,900 రూపాయలు. ప్రింటర్ పుట్టినప్పటి నుంచి ఎన్ని పేజీలు తీసిందో దాని స్టేటస్ పేజీలో ఉంటుంది. సర్వీస్ సెంటర్ వాళ్ళు తీసిన ఆ కాగితం నా చేతిలోనే ఉంది. 1,384 పేజీలు.

భాగించి చూశాను. మిషను ధర వదిలేసి, కాగితం ఖర్చు వదిలేసి, ఒట్టి ఇంక్‌కే పేజీకి 9 రూపాయల 32 పైసలు. సందు చివర షాపులో రంగు ప్రింటే 10 రూపాయలు. ఇంట్లో ప్రింటర్ ఉంటే డబ్బు మిగులుతుందని మూడేళ్ళుగా నమ్ముకుని ఉన్నాను.

మా పాప ఏడో తరగతి. నేను లెక్కలు వేస్తుంటే పక్కనే కూర్చుని సోషల్ ప్రాజెక్ట్ చేసుకుంటోంది. ఫోన్ తెర మీద పల్చటి కాగితం పెట్టి దక్కన్ పీఠభూమి పటం పెన్సిల్‌తో గీస్తోంది. ఎందుకమ్మా ఇంత కష్టపడుతున్నావు, రేపు షాపులో తీయిస్తాను కదా అన్నాను. "ప్రింట్ అడిగితే ఇంక్ అయిపోతుందని కోప్పడతావు కదమ్మా, గీయడమే అలవాటైపోయింది" అంది. మామూలుగానే అంది. నాలుగో తరగతి చదివే మా చిన్నోడు ఒకసారి డైనోసార్ బొమ్మ పేజీ నిండా తీశాడని వాడిని ఎంతలా అరిచానో గుర్తొచ్చింది. ఈసారి కొనే ప్రింటర్ పిల్లలు అడగడానికి భయపడనిది అయ్యుండాలని ఆ క్షణంలో అనుకున్నాను. మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే.

మధ్యలో ఒక మాట. కార్ట్రిడ్జ్‌లకి ఇంక్ నింపించడం కూడా నేను ప్రయత్నించాను, 2023లో. 200 రూపాయలకి సిరంజితో నింపి ఇచ్చారు. నల్లది ఫరవాలేదు, రెండు నెలలు నడిచింది. రంగుది మాత్రం లోపల మూడు రంగులూ కలిసిపోయి ఆకుపచ్చ రావాల్సిన చోట మట్టి రంగు వచ్చింది, ట్రేలో కారింది కూడా. రంగు కార్ట్రిడ్జ్‌లో మూడు రంగులూ ఒకే డబ్బాలో ఉంటాయి కాబట్టి ఒక్క పసుపు అయిపోయినా మిగతా రెండిటినీ పారెయ్యాల్సిందే. నా ఐదు కార్ట్రిడ్జ్‌లలో ఎంత రంగు అలా చెత్తబుట్టలోకి పోయిందో తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మా ఆయన వెంటనే కొత్తది ఆర్డర్ పెట్టేద్దామన్నారు. నేను రెండు నెలలు ఆగుదామన్నాను. అసలు మనకి నెలకి ఎన్ని పేజీలు కావాలో తెలియకుండా కొంటే మళ్ళీ అదే తప్పు. ఫ్రిజ్ మీద ఒక కాగితం అతికించాను. షాపులో తీయించిన ప్రతి పేజీకీ ఒక గీత, నలుపు ఒక వైపు, రంగు ఒక వైపు. ఎక్కువ తీయిస్తున్నానని షాపతను నలుపు పేజీ 3 రూపాయలకి ఇచ్చాడు, రంగు మాత్రం 10కి తగ్గలేదు.

జూలైలో నలుపు 212, రంగు 19. ఖర్చు 826. ఆగస్టులో నలుపు 187, రంగు 31, పంద్రాగస్టు చార్టులు, ప్రాజెక్టులు అప్పుడే కాబట్టి. ఖర్చు 871. రెండు నెలలకి 1,697 రూపాయలు, ఇరవై రెండుసార్లు షాపుకి తిరగడం. వానలో ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పెట్టుకుని రావడం, లైన్లో అరగంట నిలబడటం. ఆ లైన్లో నాకు తరచూ కనిపించేది మా ఎదురింటి పెద్దమ్మ. ఆవిడకి చూపు మందగించింది. విష్ణు సహస్రనామం ఫోన్లో ఉంది గానీ చదవలేరు, పెద్ద అక్షరాలతో ప్రింట్ కావాలి. షాపతను ప్రతిసారీ రద్దీ ఉంది, రేపు రమ్మంటాడు. నేను పక్కనే ఉండి కూడా ఏమీ చేయలేకపోయేదాన్ని.

నెలకి సుమారు రెండు వందల నలుపు, పాతిక రంగు. ఈ రెండు అంకెలు చేతికొచ్చాక ఎవరేం చెప్పినా వాటితోనే కొలిచి చూడగలిగాను.

మా మరిదిది నాచారం. అతను గట్టిగా లేజర్ అన్నాడు. "వదినా, టోనర్ అంటే పొడి. ఎండిపోవడమనేదే ఉండదు. నువ్వు మూడు నెలలు ఊరెళ్ళి వచ్చినా మొదటి పేజీ నల్లగా వస్తుంది." వాళ్ళింటికి వెళ్ళి నలభై పేజీలు తీసి చూశాను. నిజంగానే చకచకా వచ్చాయి, చెయ్యి తడిచేసి రుద్దినా అక్షరం చెరగలేదు. 300 రూపాయలకి టోనర్ నింపిస్తే తనకి వెయ్యి పేజీల దాకా వస్తాయట, అంటే పేజీకి 30 పైసలు. ఒరిజినల్ టోనర్ కొంటే మాత్రం ఆ లెక్క చాలా మారిపోతుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద వాడొద్దని కూడా తనే చెప్పాడు, కాగితం మీద పొడిని కరిగించి అంటించే హీటర్ ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. నా అవసరం నలుపు ఒక్కటే అయితే కళ్ళు మూసుకుని అదే కొనేదాన్ని, వేరే ఎవరికైనా అదే చెబుతాను. కానీ పిల్లలకి పటాలు, బొమ్మలు కావాలి. జవాబు పత్రాలు స్కాన్ చేసి తల్లిదండ్రులకి వాట్సాప్‌లో పంపాలి. రంగు లేజర్ అంటే నాలుగు టోనర్లు, ఆ ఖర్చు నాకు అందదు.

ఇంక మిగిలింది ఇంక్ ట్యాంక్, అంటే కార్ట్రిడ్జ్ బదులు సీసాతో ఇంక్ పోసుకునే ట్యాంకులున్న ప్రింటర్. సెప్టెంబరు 6 శనివారం సికింద్రాబాద్ వెళ్దామనుకున్నాం. ఆ రోజు వినాయక నిమజ్జనం, దారులన్నీ మూసేస్తారని మానుకుని 13న వెళ్ళాం. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోటు. నేను ఒక పని చేశాను. పెన్ డ్రైవ్‌లో రెండే పేజీలు పెట్టుకున్నాను: నా లెక్కల పేపర్ ఒకటి, భారతదేశం రంగుల పటం ఒకటి. కంపెనీ వాళ్ళ నమూనా ఫోటోలు చూసి నాకేం తెలుస్తుంది? నేను తీసేది ఈ రెండు రకాల పేజీలే కదా.

మొదటి షాపులో ప్రింట్ తీసి చూపించడం కుదరదన్నారు. రెండో షాపులో కొంటానంటేనే చూపిస్తామన్నారు. మూడో షాపులో పెద్దాయన ఒకాయన, గంటా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు గానీ, రద్దీ తగ్గాక విసుక్కోకుండా మూడు మిషన్ల మీద తీసి ఇచ్చారు. ఒక కాగితం మీద నీటి చుక్క వేసి చూడమని చెప్పిందీ ఆయనే.

ఆ నీటి చుక్కతోనే నా మనసులో సగం నిర్ణయం జరిగిపోయింది. ఇంకుల్లో రెండు రకాలు ఉంటాయి. డై అంటే నీళ్ళలో కరిగిన రంగు, కాగితంలోకి ఇంకుతుంది, ఫోటోలకి చాలా బాగుంటుంది. పిగ్మెంట్ అంటే సన్నటి రేణువులు, కాగితం పైన కూర్చుంటాయి, అక్షరం పదునుగా ఉంటుంది, తడిసినా తొందరగా అలుక్కుపోదు. డై నలుపుతో తీసిన నా లెక్కల పేపర్ మీద చుక్క పడగానే నీలంగా పాకింది. పిగ్మెంట్ నలుపుది కదల్లేదు. నా దగ్గర పిల్లలు చెమట చేతులతో, వాటర్ బాటిల్ పక్కన పెట్టుకుని రాస్తారు. ఆ మిషన్లలో ఎప్సన్ ఎల్3250లో నాలుగు రంగులూ డై. కానన్ జీ3020లో నలుపు పిగ్మెంట్, మిగతా మూడూ డై. ఫోటోలు ఎక్కువ తీసుకునే ఇంటికి మొదటిది నప్పుతుంది, నాకు రెండోది.

పేజీల లెక్క కూడా అక్కడే కూర్చుని వేసుకున్నాను. ఎప్సన్ దానికి 65 మిల్లీలీటర్ల సీసాలు, నలుపు 4,500 పేజీలు, మూడు రంగులూ కలిపి 7,500 పేజీలు అని చెబుతారు. కానన్ దానికి నలుపు సీసా 135 మిల్లీలీటర్లు, 6,000 పేజీలు. రంగులు ఒక్కోటి 70, కలిపి 7,700 పేజీలు. ఆ రోజు ఆ షాపులో కానన్ నలుపు సీసా 690, రంగుది 590 చెప్పారు. అంటే నలుపు పేజీకి 12 పైసలు కూడా కాదు. రంగు పేజీ నలుపుతో కలుపుకుంటే 35 పైసలు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. 9 రూపాయల 32 పైసలు ఎక్కడ, 12 పైసలు ఎక్కడ? పెద్దాయనతో అదే అన్నాను. ఆయన నా పటం పేజీ చేతిలోకి తీసుకుని చూపించారు. "మేడమ్, వాళ్ళు చెప్పే లెక్కలో కాగితం మీద చాలా భాగం ఖాళీయే ఉంటుంది. మామూలు అక్షరాల పేజీలో ఇంక్ పడేది నూటికి ఐదు వంతులే. ఈ పటం చూడండి, సగం కాగితం రంగే. దీనికి పది రెట్లు వేసుకోండి." అలా వేసుకున్నా పటానికి మూడున్నర రూపాయలు. లెక్కల పేపర్‌కి పది రెట్లు అక్కర్లేదు, అది అక్షరాలే. నెల మొత్తానికి 110 రూపాయల ఇంక్ అని పెట్టుకున్నాను.

పక్క కౌంటర్‌లో కుర్రాడు లోకల్ ఇంక్ సీసా 150కే ఇస్తానన్నాడు. కార్ట్రిడ్జ్ రోజుల్లో అయితే ఎగిరి గంతేసేదాన్ని. పేజీకి 12 పైసలైన చోట ఇంకా తగ్గించుకోవడానికి హెడ్‌ని పణంగా పెట్టడం నాకు నచ్చలేదు.

ఇంకో సంగతి అక్కడికి వెళ్ళకపోతే నాకు తెలిసేదే కాదు. క్లీనింగ్ చేసినప్పుడల్లా హెడ్‌లోంచి వచ్చే ఇంక్ ఎక్కడికి పోతుంది? మిషన్ లోపల ఒక మెత్త ఉంటుంది, దాంట్లోకి. కొన్ని మోడళ్ళలో అది నిండిందని లెక్క తేలగానే ప్రింటర్ ఆగిపోతుంది, సర్వీస్ వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలి. జీ3020కి అది ఎంసీ-జీ02 అని విడిగా ఒక చిన్న పెట్టె, నిండితే మనమే తీసి కొత్తది పెట్టుకోవచ్చు. ప్రింట్ హెడ్‌లు కూడా విడిగా దొరుకుతాయి, ఊడదీసి మార్చుకునేవే. ప్రతి జూన్‌లో హెడ్ ఎండిపోయి ఏడ్చినదాన్ని కాబట్టి ఆ మాట వినగానే నా గుండె మీద బరువు దిగింది.

ఇంటికొచ్చి మా ఆయనకి మొత్తం లెక్క చూపించాను. షాపులో అయితే నెలకి సగటున 848. ఇంట్లో ఇంక్ 110, కాగితం 130. ఐదు వందల కాగితాల కట్ట 290 రూపాయలు మరి. నెలకి మిగిలేది 610 లోపు. మిషన్ 13,300 అనుకుంటే డబ్బు తిరిగి రావడానికి ఇరవై రెండు నెలలు. "ఇరవై రెండు నెలలా?" అని ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. నేనూ అబద్ధం చెప్పలేదు, ఏడాదిలో వచ్చేస్తుందని అనలేదు. నెలకి యాభై పేజీలు తీసే ఇంటికి ఇది దండగ ఖర్చే. మనం రెండు వందల పాతిక తీస్తున్నాం, షాపుకి పదకొండుసార్లు తిరుగుతున్నాం అన్నాను. సరే కొందాం అన్నారు.

దసరా ఆఫర్ల కోసం పది రోజులు ఆగాం. షాపులో 14,000 చెప్పింది సెప్టెంబరు 23న ఆన్‌లైన్‌లో కార్డు తగ్గింపుతో 13,299కి వచ్చింది. అదే రోజు పెట్టాం. 26న, శుక్రవారం వచ్చింది. పిల్లలు అట్టపెట్టె చుట్టూ గంతులు. తెరిచి చూస్తే ఇంక్ సీసాల సంచిలో ఒక సీసా మూత పగిలి సంచంతా గులాబీ రంగు. నా చేతులకంటిన ఆ మరక మూడు రోజులు పోలేదు.

సీసా ఒక్కటి పంపమంటే కుదరదన్నారు, ప్రింటర్ మొత్తం వెనక్కి ఇవ్వాలి. పెట్టె తెరుస్తున్నప్పుడు మా పాప సరదాగా వీడియో తీసింది, అదే మమ్మల్ని కాపాడింది. వీడియో పంపాక 27న ఒప్పుకున్నారు, 29న తీసుకెళ్ళారు. కొత్తది దసరాకి ముందే వస్తుందన్నది రాలేదు. అక్టోబరు 2న దసరా పూజకి ప్రింటర్‌కి కూడా బొట్టు పెడదామని చిన్నోడు ఎదురుచూశాడు. ఆ రోజు వాడి ముఖం చూస్తే 700 రూపాయల కోసం ఇంత టెన్షన్ ఎందుకు పడ్డామా అనిపించింది. ఆ పెద్దాయన షాపులోనే కొని ఉంటే అదే సాయంత్రం ఇంట్లో ఉండేది. మళ్ళీ కొనాల్సి వస్తే నేను షాపుకే వెళ్తాను.

అక్టోబరు 6, సోమవారం వచ్చింది. ఆర్డర్ పెట్టిన పదమూడో రోజు. ఈసారి సీసాలన్నీ బాగున్నాయి. వాడు పరుగెత్తుకెళ్ళి కుంకుమ భరిణె తెచ్చి బొట్టు పెట్టాకే మూత తీయనిచ్చాడు.

సాయంత్రం ఆరుం పావుకి మొదలుపెట్టాం. కింద పాత పేపర్లు పరిచాను. హెడ్‌లు రెండూ మనమే బిగించుకోవాలి, తర్వాత ఇంక్. ఒక ట్యాంకులో పొరపాటున వేరే రంగు పోస్తే అంతే సంగతులు అని విన్నాను కాబట్టి మా ఆయన సీసా మీద పేరు పైకి చదవడం, నేను ట్యాంకు మీద పేరు పైకి చదవడం, రెండూ ఒకటైతేనే పోయడం. సీసాని నొక్కక్కర్లేదు, తలకిందులుగా పెడితే ఇంక్ దానంతటదే దిగుతుంది. అంత సేపూ ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను.

ఆ తర్వాత మిషన్ ఇంక్‌ని లోపలి గొట్టాల్లోకి లాక్కుంటుంది. అదయ్యాక చూస్తే నిండుగా ఉన్న ట్యాంకుల్లో మట్టం దిగి ఉంది. ఒక్క పేజీ తీయకుండానే ఇంత పోయిందా అని గుండె జారింది. గొట్టాలు నిండడానికి మొదటిసారి అలా పోతుందని, అందుకే మొదటి సీసాలతో చెప్పినన్ని పేజీలు రావని మాన్యువల్‌లోనే ఉంది. ముందే తెలిసి ఉంటే అంత బాధపడేదాన్ని కాదు.

వై-ఫై కలపడానికే గంటన్నర పట్టింది. ఎంతకీ మా నెట్‌వర్క్ పేరు ప్రింటర్‌కి కనిపించదు. చివరికి తేలిందేమిటంటే ఈ ప్రింటర్‌కి 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై మాత్రమే పనికొస్తుంది, ఇంట్లో రూటర్‌ని మా ఆయన ఎప్పుడో 5 గిగాహెర్ట్జ్‌కి మార్చేసి ఉంచారు. 2.4ది కూడా ఆన్ చేయగానే నిమిషంలో కలిసింది. రాత్రి తొమ్మిదింటికి మొదటి పేజీ. ఏది తీయాలని పాపని అడిగితే "తమ్ముడి డైనోసార్" అంది. పేజీ నిండా ఆకుపచ్చ. నేను ఒక్క మాట అనలేదు.

వాడకంలో తెలిసినవి కొన్ని. ఇది నెమ్మది, నలుపు నిమిషానికి తొమ్మిది పేజీలు, రంగు ఐదు. ఇంటికి చాలు. రెండు వైపులా తీయాలంటే కాగితాలు మనమే తిప్పి పెట్టాలి. మొదటి వారం తలకిందులుగా పెట్టి పదిహేను కాగితాలు పాడుచేశాక, పెన్సిల్‌తో మూలన చిన్న బాణం గుర్తు వేసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు ట్యూషన్ పేపర్లన్నీ రెండు వైపులా తీస్తున్నాను. ఇంక్ ఇంత చవకయ్యాక అసలు ఖర్చు కాగితానిదే మరి, ఒక్క కాగితం 58 పైసలు. కాగితాలు వెనక ట్రేలో నిలబడి ఉంటాయి, మా వీధి దుమ్ము వాటి మీద పడుతుంది, అందుకని పని అయ్యాక తీసేసి పాత నేత చీర ముక్క కప్పుతున్నాను.

ట్యాంకుల పక్కన పల్చటి టేపు అతికించి, ప్రతి నెలా ఆరో తేదీన మట్టం దగ్గర గీత గీసి తేదీ వేస్తున్నాను. నవంబరు 6కి నలుపు 263, రంగు 48 పేజీలు అయ్యాయి, మేము అనుకున్నదాని కంటే ఎక్కువే. పిల్లలు ఇప్పుడు అడుగుతున్నారు కదా. నలుపు మట్టం మొదటి గీతకి రెండో గీతకి మధ్య నా వేలి గోరు మందం కూడా దిగలేదు. పసుపు, నీలం కొంచెం ఎక్కువ దిగాయి, పటాల వల్ల. పేజీకి కచ్చితంగా ఎన్ని పైసలు పడిందో సీసా మళ్ళీ కొన్నప్పుడు గానీ తేలదు. నేను చెప్పగలిగింది ఇంతే: ఈ రెండు నెలల్లో ఇంక్ కోసం ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదు, రాత్రి తొమ్మిదింటికి షాపుకి పరుగెత్తలేదు.

ఎండిపోవడం గురించి నా భయం మాత్రం పోలేదు. ట్యాంక్ అయినా హెడ్ హెడ్డే, వాడకపోతే దాని నాజిల్స్, అంటే ఇంక్ వచ్చే సన్నటి రంధ్రాలు, కూడా మూసుకుపోతాయి. వారానికి ఒకసారైనా అన్ని రంగులూ ఉన్న పేజీ ఒకటి తీస్తూ ఉండమని పెద్దాయన మరీ మరీ చెప్పారు. ఆదివారం పొద్దున ఆ పని చిన్నోడిది. తీయగానే క్యాలెండర్‌లో టిక్కు పెడతాడు. సంక్రాంతికి వెళ్ళేది నాలుగు రోజులే, అది ఫరవాలేదు. ఏప్రిల్ చివర్లో బడులు మూశాక యాభై రోజులు జమ్మికుంటలో ఉంటాం. అప్పుడు ఎవరు తీస్తారు?

మొన్న డిసెంబరు 14, ఆదివారం, ఎదురింటి పెద్దమ్మని ఇంటికి పిలిచి సహస్రనామం పెద్ద అక్షరాల్లో తీసి ఇచ్చాను. ఇరవై ఎనిమిది పుటలు, అక్షరం బొటనవేలంత. శీర్షికలు ఎరుపులో, నీలంలో పెట్టాను. ఆవిడ మొదటి పేజీ కళ్ళజోడు లేకుండా చదివి చూసుకున్నారు. లలితా సహస్రనామం కూడా కావాలి, లింగాష్టకం కూడా అన్నారు. ఒకేసారి తీయనండీ, ఎండాకాలానికి దాచి ఉంచుతాను, మేము ఊరెళ్ళినప్పుడు తాళం మీ దగ్గరే ఉంటుంది, ప్రతి ఆదివారం వచ్చి రెండు పేజీలు తీసుకోండి అన్నాను. ఏ బటన్ నొక్కాలో ఇప్పుడే చూపించమని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చిన్నోడు చూపిస్తున్నాడు.